బద్ధకం కాదు.. జబ్బేమో!
పెద్దల్లోనూ ఏడీహెచ్‌డీ.. చికిత్స ఉంది

బెంగళూరు: కరెంటు బిల్లు కట్టాలని గుర్తే. చేతిలో డబ్బూ ఉంది. అయినా లైన్‌మన్ వచ్చి ఫీజు పీకేదాకా కట్టరు. బండి తాళాల కోసం రోజూ ఇల్లంతా వెతుకులాటే. ఒక పని సగంలో ఉండగానే ఇంకోటి పట్టుకుంటారు. ఎదుటివారి మాట పూర్తికాకుండానే అడ్డు తగులుతారు. ఆఫీసులో ‘నిర్లక్ష్యం’ అంటారు. ఇంట్లో ‘నా మాటంటే లెక్కే లేదు’ అని ఆలి అలుగుతుంది. ఊళ్లో అయితే ఒకటే మాట.. ‘బద్ధకం’.

చిన్నప్పటి నుంచీ ఇదే తీరైతే బద్ధకం కాకపోవచ్చు. ఏడీహెచ్‌డీ అనే అవధాన లోపం కావొచ్చు. పిల్లల జబ్బుగానే పేరుపడినా పెద్దయ్యాకా చాలామందిని వదలదు. పెద్దల్లో వందకు 2 నుంచి 3 మందికి ఉంటుందని అంచనా. చిన్నప్పుడు గంతులేసినవారు పెద్దయ్యాక కుదురుగానే కనిపిస్తారు. బుర్రలో పరుగు మాత్రం ఆగదు.

అమ్మ మాటే ఆధారం

దీన్ని తేల్చే రక్తపరీక్ష లేదు, స్కానింగ్ లేదు. డాక్టరు అడిగి తెలుసుకోవాల్సిందే. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం ఇచ్చిన ప్రమాణాల ప్రకారం అవధాన లోపం లక్షణాలు 9, అతి చురుకు లక్షణాలు 9. 17 ఏళ్లు నిండినవారికి వీటిలో ఏదో ఒక జాబితాలో కనీసం 5 ఉండాలి. ఇల్లు, ఆఫీసు.. రెండుచోట్లా కనిపించాలి. కొన్నయినా 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి.

చిక్కంతా ఇక్కడే. ఉద్యోగం మారతహళ్లిలో, చిన్నతనం హిందూపురంలోనో మదనపల్లెలోనో. అందుకే అమ్మనో అన్ననో వెంట తీసుకెళ్లడం మేలు. పాత ప్రోగ్రెస్ కార్డులూ పనికొస్తాయి. థైరాయిడ్, నిద్రలేమి, డిప్రెషన్, మద్యం అలవాటు ఉన్నా ఇలాంటి లక్షణాలే కనిపిస్తాయి. ఫోన్‌లో ప్రశ్నలు చూసి సొంతంగా తేల్చేసుకోకూడదు.

మందులేంటి?

ప్రధానమైనది మిథైల్‌ఫెనిడేట్. గంటలోపే పని మొదలుపెడుతుంది. మామూలు మాత్ర ప్రభావం నాలుగు గంటలే కాబట్టి నెమ్మదిగా విడుదలయ్యే రకమూ ఉంది. ఆకలి తగ్గడం, నిద్ర పట్టకపోవడం, బీపీ, గుండె వేగం పెరగడం దీని ఇబ్బందులు. గుండెజబ్బుంటే ముందే చెప్పాలి. మాదకద్రవ్యాల చట్టం నియంత్రణలో ఉన్నందున డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. అన్ని షాపుల్లోనూ దొరకదు. పండక్కి ఊరెళ్లేవారు సరిపడా మాత్రలు, చీటీ దగ్గర ఉంచుకోవాలి. స్నేహితుడి మాత్ర అడిగి వేసుకోవడం ప్రమాదం.

రెండోది అటమాక్సిటిన్. మత్తుమందులా అలవాటయ్యే భయం లేదు. ఫలితం తెలియడానికి మాత్రం కొన్ని వారాలు పడుతుంది. రెండు రోజులకే ‘పనిచేయలేదు’ అని మానేయొద్దు.

మాత్రతోనే సరిపోదు

ఆలోచనల తీరు, అలవాట్లు మార్చే సీబీటీ కౌన్సెలింగ్ కూడా అవసరం. పెద్ద పనిని ముక్కలు చేసుకోవడం, ఫోన్‌లో అలారం, తాళాలకు గోడపై ఒకే మేకు.. చిన్నవే అయినా పనికొస్తాయి. భార్యాభర్తలిద్దరూ కలిసి డాక్టరు దగ్గర కూర్చుంటే సగం గొడవలు అక్కడే తీరతాయి.

ఎక్కడికెళ్లాలి?

హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్‌లో పెద్దల మానసిక వైద్యానికి ఓపీ ఉంది. ముందు ఎవరితోనైనా తెలుగులో మాట్లాడాలనుకుంటే 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన టెలిమానస్ ఉంది. నంబరు 14416. ఫోన్ ఉచితం, 24 గంటలూ పలుకుతుంది.