ఉమ్మడి భూమి, ఉమ్మడి బావి: వాటాదారుల తగవులు తీరు మార్గము

హైదరాబాదుకు తూర్పున విజయవాడ రోడ్డు వెంబడి నేడు దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ అను పేర్లతో మేడలు, దుకాణములు నిండియున్న ప్రాంతము ఒకప్పుడు పొలములు, తోటలు గల నేల. 2018 సెప్టెంబరులో మెట్రో రైలు ఎల్.బి.నగర్ వరకు వచ్చినది. ఊరు పెరిగినకొలది ఎకరముల లెక్క పోయి గజముల లెక్క వచ్చినది. గుంటకు 121 గజములు. గెట్టు మూరెడు జరిగినను ఊరుకొను వారు నేడు లేరు.

భూమి చవుకగా ఉన్న రోజులలో అన్నదమ్ములు నోటిమాటపై పంచుకొని దున్నుకొనిరి. ధర పెరిగిన నాడు ఆ మాటకు సాక్ష్యము లేకపోయెను. హయత్‌నగర్, అబ్దుల్లాపూర్‌మెట్ వైపు నేటికిని సేద్యము సాగుచున్నది. అక్కడి రైతులకు ఈ కష్టము రాకుండ ఏమి చేయవలెనో తెలుపుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ఉమ్మడి అనగా నేమి?

పంపకము కానంతవరకు ఏ వాటాదారునికిని ఫలానా మూల సొంతము కాదు. ప్రతి గుంటలోను అందరికిని వాటా ఉండును. రోడ్డు ప్రక్క ముక్క నాదేయని ఒకరు కంచె వేసినంతమాత్రాన అది వారిది కాదు. పాసు పుస్తకము పెద్దన్న పేర నున్నంతమాత్రాన తక్కినవారి హక్కు పోదు. రెవెన్యూ రికార్డులోని నమోదు హక్కును పుట్టింపదని న్యాయస్థానములు పలుమార్లు చెప్పియున్నవి.

ఎవరి వాటా ఎంత?

2 ఎకరములు, అనగా 80 గుంటలు గల హిందూ రైతు వీలునామా లేక 2005 సెప్టెంబరు 9 తరువాత మరణించెననుకొందము. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు గలరు. భూమి అతని స్వార్జితమైనచో నలుగురికి తలా 20 గుంటలు. పిత్రార్జితమైనచో మొదట తండ్రి, ముగ్గురు పిల్లలు కలిసి నాలుగు భాగములు చేయవలెను. పిమ్మట తండ్రి భాగమగు 20 గుంటలను భార్యకు, పిల్లలకు తలా 5 గుంటల చొప్పున పంచవలెను. ఇట్లు పిల్లలకు 25 గుంటల వంతున 75, తల్లికి 5 వచ్చును.

ఆడపిల్లను విడిచి వ్రాసిన పంపకము నిలువదు. మన రాష్ట్రమున 1985 సవరణ నాటికి పెండ్లికాని కూతుళ్లకే ఈ హక్కు కలిగినది. 2005 కేంద్ర సవరణతో పెండ్లయినవారికిని కలిగినది. ఆ సవరణ నాటికి తండ్రి జీవించి ఉండనక్కరలేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చినది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే సక్రమముగా జరిగిన పంపకములను ఇది కదల్పదు.

అమ్మదలచినప్పుడు

వాటాదారుడు తన వాటాను అమ్ముకొనవచ్చును. కాని తండ్రి ఆస్తి కలిసి సంక్రమించిన వారసులలో ఒకరు బయటివారికి అమ్మబోయినచో, ముందుగా కొను హక్కు తక్కిన వారసులకు కలదు. హిందూ వారసత్వ చట్టము 22వ సెక్షను వ్యవసాయ భూమికిని వర్తించునని 2019లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కనుక అమ్మదలచినవారు ముందు తోడివారికి వ్రాతమూలకముగ తెలుపుట మంచిది. సగము తగవులు చెప్పకుండ అమ్ముటవలననే పుట్టును.

పంపకము చేయు విధము

1. వాటాదారులందరును, దూరమున నున్న అక్కచెల్లెండ్రతో సహా, ఒకచోట కూడవలెను.

2. సర్వేయరుచే కొలిపించి, హద్దురాళ్లు నాటించి, పటము వ్రాయించవలెను. కంటిచూపు కొలత పనికిరాదు.

3. బావి, బోరు పంచుటకు వీలుకానివి. వానిని ఉమ్మడిగనే ఉంచి వంతు వ్రాసికొనవలెను. పై లెక్కలో 16 గంటల నీటికి పిల్లలకు ఐదేసి గంటలు, తల్లికి ఒక గంట. మోటారు మరమ్మతు ఖర్చు కూడ ఆ పాళ్లలోనే పెట్టుకొనవలెను.

4. ప్రతి ముక్కకును బండి బాట, నీటి కాలువ విడువవలెను. బాట లేని పొలము పాలుపొందినవాడు మరల పంచాయితీకి రాక తప్పదు.

5. రోడ్డు ప్రక్క ముక్క పొందినవారు లోపలి ముక్కవారికి విస్తీర్ణములోగాని, సొమ్ములోగాని సరిచేయవలెను. బ్యాంకు అప్పును కూడ పంచుకొనవలెను.

6. ఒప్పందమును తహశీల్దారు కార్యాలయమున రిజిష్టరు చేయించి, ఎవరి పేర వారు పాసు పుస్తకము పొందవలెను.

కోర్టుకు పోవలసివచ్చినచో

తగవు ముదరకముందే లోక్ అదాలత్‌ను ఆశ్రయించవచ్చును. రంగారెడ్డి జిల్లా కోర్టులు ఎల్.బి.నగర్‌లోనే కలవు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టినచో, దావా వేయకముందే ఉభయులను పిలిపించి రాజీకి యత్నింతురు. అక్కడి అవార్డు కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు.

రాజీ కుదరనిచో పంపకపు దావా వేయవలెను. కోర్టు మొదట వాటాలు తేల్చి ప్రాథమిక డిక్రీ ఇచ్చును. భూమిని కొలిచి విడగొట్టుట ఆ తరువాతి పని. ఈ రెంటి నడుమ ఏండ్లు గడచును. ఖుర్షీద్ జా పాయెగా వారసుల పంపకపు దావా 1955లో హైదరాబాదులో మొదలై, 1958లో హైకోర్టు చేరెను. 1963లో ప్రాథమిక డిక్రీ వచ్చెను. ఆ డిక్రీ నాధారముగా చూపిన నగరపు పడమటి హైదర్‌నగర్ భూముల తగవుపై సుప్రీంకోర్టు 2023 జూన్‌లో తీర్పు చెప్పవలసివచ్చినది. అది పెద్ద ఎస్టేటు గనుక తట్టుకొన్నది. రెండెకరముల రైతు తట్టుకొనగలడా?

దావా నడుచుచున్నను సేద్యము ఆపరాదు. ఎవరు సాగుచేయవలెనో, ఫలసాయపు లెక్క ఎవరు ఉంచవలెనో వ్రాసికొనవలెను. ఎండకాలమున నీరు తప్పిన తోట తీర్పు వచ్చువరకు వేచియుండదు.

గ్రామాధికారులకు మనవి

వారసత్వపు దరఖాస్తు వచ్చినప్పుడు కూతుళ్ల పేర్లు కూడ విచారించి వ్రాయుడు. అందరికిని నోటీసు అందినదీ లేనిదీ చూడుడు. హక్కు తేల్చుట మీ పని కాదు. ఉన్న సంగతి ఉన్నట్లు పై అధికారికి తెలుపుట మీ పని.

రైతు సోదరులారా, పంపకమునకు మంచి సమయము కొనుగోలుదారుడు గెట్టు మీదికి రాకముందే. తల్లిదండ్రులు బ్రదికియుండగా, అన్నదమ్ములు ఒక గూటి క్రింద భోజనము చేయుచుండగా కూర్చుండి వ్రాసికొనుడు. పొలము విడిపోయినను పొత్తు నిలుచును.