ఆకాశానికి కనబడే పొగ, కనబడని దుమ్ము

వరి కొయ్యకాళ్లకు నిప్పు పెట్టిన రైతును ఇప్పుడు ఉపగ్రహం పట్టిస్తున్నది. అమెరికా ఉపగ్రహాలు పగలు ఒకటిన్నర ప్రాంతంలో ఒకసారి, రాత్రి ఒకటిన్నర ప్రాంతంలో ఒకసారి మన నెత్తిమీదుగా పోతూ, నేల వేడిని బట్టి మంట ఎక్కడున్నదో చూపిస్తాయి. ఆ బొమ్మలను అందుకునే పెద్ద గొడుగులు మన షాద్‌నగర్‌లోనే ఉన్నాయి. వాటిని నడిపే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం బాలానగర్‌లో, జూబ్లీహిల్స్‌కు పది కిలోమీటర్ల లోపే ఉన్నది. అడవుల్లో కారుచిచ్చు రేగితే అటవీశాఖకు కబురు పోయేదీ ఈ దారినే. ఇది మంచి పనే, కాదనం.

కానీ ఈ కన్ను ఎవరి మీద పడుతున్నదో చూడాలి. 2024 నవంబరులో ఢిల్లీ చుట్టుపక్కల ప్రాంతాల్లో కొయ్యకాళ్లు కాల్చే రైతులకు కేంద్రం జరిమానా రెట్టింపు చేసింది. రెండెకరాల లోపు వాడికి 5,000, అయిదెకరాల లోపు వాడికి 10,000, ఆ పైన ఎంత భూమి ఉన్నా 30,000 రూపాయలు. అంటే యాభై ఎకరాల ఆసామికి ఎకరాకు 600 పడితే ఎకరం రైతుకు 5,000 పడుతుంది! ఆ ఏడే శాస్త్రజ్ఞులు కొరియా ఉపగ్రహం బొమ్మలు చూసి, అమెరికా ఉపగ్రహం దాటిపోయాక సాయంత్రం పూట మంటలు పెరుగుతున్నాయని చెప్పారు. రైతుకూ టైం తెలిసిపోయిందన్నమాట. అసలు కొడవలితో కోసిన రోజుల్లో మొదలుకంటా కోసేవాళ్లు, గడ్డి పశువులకు పోయేది. కోత మిషను వచ్చి కూలీల పని ఊడగొట్టింది, మడిలో కొయ్యకాళ్లు మిగిల్చింది. ఈ రెట్టింపు జరిమానా మాత్రం రైతుకే.

ఇక జూబ్లీహిల్స్ సంగతి. షాద్‌నగర్ 2016 దాకా పాలమూరు జిల్లాలోదే. ఆ గొడుగుల పక్కనుంచే బస్సెక్కి, గుంపు మేస్త్రీ వెంట పట్నం పోయిన మనవాళ్లు అక్కడ సెల్లార్ల కోసం గుండురాళ్లు తొలుస్తున్నారు. ఆ కొండలన్నీ గ్రానైటే. మిషను దిగితే తెల్లటి పిండి లేస్తుంది. అందులో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడతాయి. సిలికోసిస్ అంటారు, నయం చేసే మందు లేదు. టీబీ అనుకుని మందులిచ్చి పంపడం కద్దు. ముక్కుకు కట్టుకున్న తువ్వాలే మనవాళ్లకు రక్ష.

మరి ఉపగ్రహానికి ఆ దుమ్ము కనబడదా? రాజస్థాన్ ఎడారిలో లేచిన దుమారం ఎటు పోతున్నదో చెబుతుంది గదా! లెక్క వేరు. మంట చూసే గడి 375 మీటర్లు, అంటే దాదాపు 35 ఎకరాలు. అందులో ఏ మూల మండినా వేడి బయటపడుతుంది. దుమ్ము అట్లా కాదు. ఎండను ఎంత అడ్డుకున్నదో చూసి, నేల నుంచి పైదాకా ఉన్న గాలి మొత్తానికీ ఒకే అంకె వేస్తారు. ఆ గడులు కిలోమీటరు నుంచి పది కిలోమీటర్ల దాకా ఉంటాయి. మబ్బు పడితే అదీ లేదు. పెద్ద గడిలో కె.బి.ఆర్. పార్కు చెట్లు, సినిమావాళ్ల బంగళాలు, ఫిల్మ్‌నగర్ బస్తీ, సెల్లార్ గుంత అన్నీ కలిసి ఒకటే అంకె! గుంత అడుగున మనిషి పీల్చేది ఆ అంకెలో ఎక్కడున్నట్టు?

దానికి కొలత నేలమీదే పెట్టాలి. చట్టమూ ఉన్నది. గాలి చెడిన నగరాల్లో కట్టడాల దగ్గర నీళ్లు చల్లాలని, మట్టి, ఇసుక కప్పి ఉంచాలని, బయట రాళ్లు కోయరాదని, తీసుకున్న జాగ్రత్తలు అందరికీ కనబడేలా రాసి పెట్టాలని కేంద్ర పర్యావరణ శాఖ 2018 జనవరిలోనే నిబంధనలు తెచ్చింది. నీళ్లు పోస్తూ తొలిస్తే దుమ్ము చాలామటుకు అణుగుతుంది. పెద్ద ఖర్చేమీ కాదు.

పట్నం పోయిన వాళ్లున్న ప్రతి ఊళ్లోనూ, పండుగకు వాళ్లు ఇంటికొచ్చినప్పుడు సంఘం కార్యకర్తలు అడిగి రాసుకోవాలి: పని దగ్గర ఆ బోర్డు ఉన్నదా, నీళ్లు పోస్తున్నారా, దగ్గు ఎన్నాళ్ల నుంచి, మేస్త్రీ ఎవరు, బిల్డర్ ఎవరు.