ఇంటి రిఫ్రిజిరేటరులో తాజా కూరగాయలు, పండ్ల నిల్వ – పాటించవలసిన మెలకువలు

విత్తనం నాటినది మొదలు మార్కెట్టుకు చేరే వరకు కూరగాయల నాణ్యతను కాపాడేందుకు విస్తరణ శాస్త్రవేత్తలు అనేక సూచనలు చేస్తున్నారు. కాని ఆ కాయ వంటింటికి చేరిన తరువాతి నాలుగైదు రోజుల గురించి చెప్పేది చాలా తక్కువ. నెలల తరబడి శ్రమించి పండించిన పంట చివరకు ఫ్రిజ్‌లో మెత్తబడి చెత్తబుట్ట పాలైతే, దానికి వెచ్చించిన నీరు, ఎరువు, కూలి అన్నీ వృథా అయినట్లే. అన్ని పదార్థాలకూ ఒకే చల్లదనం మేలు చేస్తుందన్న అపోహ ఈ నష్టానికి ఒక ముఖ్య కారణం.

కోత తరువాత కూడా సజీవమే

కోసిన కూరగాయలో శ్వాసక్రియ కొనసాగుతూనే ఉంటుంది. అది తనలోని చక్కెరలను వినియోగించుకొని వేడిని, కార్బన్ డయాక్సైడును, నీటి ఆవిరిని వెలువరిస్తుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ పెరిగితే శ్వాసక్రియ వేగం సుమారు 2 నుండి 3 రెట్లు అవుతుంది. రిఫ్రిజిరేటరు ఈ వేగాన్ని తగ్గిస్తుందే గాని పూర్తిగా ఆపలేదు. సూక్ష్మజీవుల విషయంలోనూ ఇంతే. లిస్టీరియా వంటి బ్యాక్టీరియా ఫ్రిజ్ చల్లదనంలో కూడా నెమ్మదిగా వృద్ధి చెందగలదు.

శీతల హాని

వంకాయ, బెండ, దోస, టమాట, మామిడి, అరటి ఉష్ణ వాతావరణానికి అలవాటుపడిన పంటలు. పంటను బట్టి సుమారు 7 నుండి 13 డిగ్రీల కంటే తక్కువ ఉష్ణోగ్రతలో కొన్ని రోజులు ఉంచితే వీటి కణత్వచాలు దెబ్బతింటాయి. వంకాయ తొక్కపై గుంటలు పడి, లోపలి గింజలు గోధుమ రంగుకు మారతాయి. అరటి తొక్క నల్లబడుతుంది. పచ్చి టమాట సరిగా పండదు. పండిన టమాట సువాసనను కోల్పోతుంది. చాలా సందర్భాలలో ఈ లక్షణాలు ఫ్రిజ్ నుండి బయటకు తీసిన తరువాతనే స్పష్టమవుతాయి. అందువలన ఆ లోపాన్ని రకానికో, రైతుకో, అమ్మకందారుకో ఆపాదించడం కద్దు.

శీతల హాని ఉష్ణోగ్రతతో పాటు నిల్వ కాలంపైనా ఆధారపడుతుంది. వేసవిలో వంటిల్లు 40 డిగ్రీలకు చేరినప్పుడు బెండ, వంకాయలను బయట వడలనివ్వడం కంటే ఒకటి రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచడమే మేలు. వారానికి సరిపడా కొని నింపడం మాత్రం నష్టదాయకం.

నిల్వలో మెలకువలు

• పాలు, వండిన పదార్థాలు, మాంసం ఉంచే భాగంలో ఉష్ణోగ్రత 4 డిగ్రీలు లేదా అంతకు తక్కువగా ఉండాలి. మీటపై కనిపించే అంకెలు డిగ్రీలు కావు. గ్లాసెడు నీటిలో థర్మామీటరును ఉంచి, మధ్య అరలో రాత్రంతా వదిలి, ఉదయం చూస్తే నిజమైన ఉష్ణోగ్రత తెలుస్తుంది.

• తోటకూర, గోంగూర, పాలకూర, కొత్తిమీరలలో కుళ్లిన ఆకులను ఏరివేసి, వేర్లు కోసి, తడి ఆరిన తరువాత పలుచని నూలుగుడ్డలో చుట్టి, చిన్న రంధ్రాలున్న సంచిలో పెట్టి కూరగాయల అరలో ఉంచాలి. వాడే ముందు మాత్రమే కడగాలి.

• క్యారెట్, ముల్లంగి దుంపల పైఆకులను తొలగించాలి. లేనిచో ఆకులు దుంపలోని తేమను లాగివేస్తాయి.

• మామిడి, బొప్పాయి, సపోటాలను బయటనే మాగనిచ్చి, పండిన తరువాత రెండు మూడు రోజులకు మించకుండా ఫ్రిజ్‌లో ఉంచవచ్చు. పండుతున్న పండ్లు వెలువరించే ఇథిలీన్ వాయువు వలన ఆకుకూరలు, దోస, కాకర త్వరగా పసుపుబారతాయి. కాబట్టి వీటిని పండ్లతో కలిపి ఉంచరాదు.

• ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంపలకు గాలి ఆడే చీకటి చోటు అనుకూలం. అధిక చల్లదనంలో బంగాళాదుంపలోని పిండిపదార్థం చక్కెరగా మారి, వేపినప్పుడు ముక్కలు నల్లబడతాయి. ఉల్లిని, బంగాళాదుంపను వేర్వేరుగా ఉంచాలి.

• పచ్చి మాంసం, చేపలను మూత ఉన్న పాత్రలో అడుగు అరలో ఉంచి, ఒకటి రెండు రోజులలో వాడాలి. వాటి రసం పచ్చిగా తినే పండ్లు, కూరగాయలపై కారరాదు.

• కోసిన ముక్కలను రెండు గంటలలోపు మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. తలుపు తరచు తెరవడం వలన ఉష్ణోగ్రత హెచ్చుతగ్గులకు లోనవుతుంది గనుక పాలను తలుపు అరలో ఉంచరాదు. చల్లని గాలి ప్రసరించేందుకు వీలుగా అరలను కిక్కిరిసి నింపరాదు.

విస్తరణలో ప్రాధాన్యం

ఫ్రిజ్ లేని ఇళ్లకు, శీతల హానికి లోనయ్యే కూరగాయలకు ఆవిరీభవనం ద్వారా చల్లబరిచే పద్ధతి ఉపయోగపడుతుంది. న్యూఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన విద్యుత్తు అవసరం లేని శీతల గది ఈ సూత్రంపైనే పనిచేస్తుంది. రెండు ఇటుక గోడల నడుమ ఇసుక నింపి, దానిని తడుపుతూ ఉండాలి. పొడి వాతావరణంలో ఇది ఎక్కువ ఫలితాన్నిస్తుంది.

ఈ అంశాన్ని ఉపన్యాసం కంటే ప్రదర్శన ద్వారా తెలియజేయడం సులభం. ఒకే రోజు కోసిన వంకాయలలో సగం ఫ్రిజ్‌లోను, సగం తడి నూలుగుడ్డ కప్పిన బుట్టలో నీడనా ఉంచి, ఐదు రోజుల తరువాత రెండింటినీ గది ఉష్ణోగ్రతలో మరో రెండు రోజులు పరిశీలించాలి. తొక్కను, గింజల రంగును, బరువును పోల్చి నమోదు చేస్తే విద్యార్థులకు శీతల హాని, తేమ నష్టం రెండూ అవగతమవుతాయి. ఏ పదార్థాన్ని ఎక్కడ, ఎన్నాళ్లు ఉంచాలో గృహిణులు కూడా తామే నిర్ణయించుకోగలుగుతారు.