కొనువారితో మితభాషణము

మొయినాబాదు మీదుగా చేవెళ్లకు పోవు బాటలో కాయగూరలు అమ్మువారిని మనమందఱము చూచియున్నాము. కాయ తాజాదనము కంటికే కనబడును. దానిని గూర్చి పెక్కుమాటలు అక్కఱలేదు. చేతిపని యట్టిది కాదు. దాని శ్రమ లోపల దాగియుండును. కావుననే చేసినవారికి అంతయు ఒక్కసారి చెప్పివేయవలెనను ఆతురత పుట్టును.

మా పాఠశాల ప్రదర్శనమునందు ఒక బాలిక తాను పూలు కుట్టిన దిండు గలీబును అమ్మకమునకు ఉంచెను. ఒక తల్లి దానిని చేతబట్టుకొని, "ఉతికినచో రంగు పోవునా, అమ్మా?" అని యడిగెను. బాలిక దారము కొన్నది మొదలుకొని తాను పడిన కష్టమంతయు ఏకరువు పెట్టెను. ఆ తల్లి చిఱునవ్వుతో గలీబును అక్కడనే యుంచి వెడలిపోయెను. బాలిక కన్నుల నీరు నిండెను. ఆమె పనిలో లోపము లేదు; అడిగినదానికి బదులు రాలేదు, అంతియే.

మఱి ఏమి చెప్పవలెను? పోచంపల్లి చీరను చూడుడు. నూలునకు ముడులు కట్టి, రంగులద్ది, పిమ్మట నేయుదురు. ముడులు కట్టుటకు ముందు ఆసు పోయవలెను. అనగా అర్ధచంద్రాకారముగా నాటిన మేకుల చుట్టు దారమును త్రిప్పవలెను. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 మారులు ఆడవలెను. ఈ పనిచే తన తల్లి పడు భుజబాధను చూచి, ఆలేరు ప్రాంతమువారగు చింతకింది మల్లేశముగారు 1999లో ఆసుయంత్రమును నిర్మించి, దానికి తల్లి లక్ష్మిగారి పేరు పెట్టిరి. 2017లో వారికి పద్మశ్రీ పురస్కారము లభించెను.

చేతితో ఆసు పోసిన చీరను చూపునప్పుడు, "దీనికి చేయి తొమ్మిదివేల మారులు ఆడినది" అనిన చాలును. తక్కిన కథ కొనువారు అడిగినప్పుడు చెప్పవచ్చును. యంత్రముపై ఆసు పోసినచో ఆ మాట అనరాదు. "ఒక తల్లి భుజమునకు విశ్రాంతి దొరకినది" అనుట సత్యము. అదియు చీరకు గౌరవమే. అబద్ధముచే వచ్చిన వెల దేవుని యెదుట నిలువదు.

కావున విద్యార్థులారా, మొదట వస్తువును వారి చేతికిండు. అడిగినదానికే బదులిండు. పిదప ఒక్క సత్యము చెప్పి ఊరకుండుడు. వెలను సంకోచింపక ఒక్కమారు చెప్పుడు.

ప్రదర్శనము రెండవ దినమున ఆ బాలికను మరియొకరు అదే ప్రశ్న యడిగిరి. "మూడు మారులు ఉతికి చూచితిని, అమ్మా, రంగు పోలేదు" అని చెప్పి ఆమె మౌనముగా నిలిచెను. గలీబు అమ్ముడుపోయినది.