చదరంగపు గళ్ళలో మహాసంఖ్య

పదకొండవ శతాబ్దికి చెందినవాడని పలువురు సాహిత్య చరిత్రకారులు భావించే పావులూరి మల్లన, మహావీరాచార్యుని సంస్కృత గణితసారసంగ్రహాన్ని ‘సారసంగ్రహ గణితము’ అనే పేర తెనిగించాడు. ఆ గ్రంథంలోని ఒక పద్యం చదరంగపు బల్లను గురించినది. మొదటి గడిలో ఒకటి, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇట్లు గడిగడికీ రెట్టింపు చేస్తూ పోతే 64 గళ్ళ మొత్తం ఎంత? మల్లన చెప్పిన సమాధానం ఇరవై అంకెల సంఖ్య: 1,84,46,74,40,73,70,95,51,615.

దాని పరిమాణం ఊహకు అందదు. గళ్ళలో వడ్లు పోసి, వేయి గింజలు 20 గ్రాములు తూగుతాయనుకొన్నా మొత్తం సుమారు 36,900 కోట్ల టన్నులవుతుంది. భూపాలపల్లి జిల్లా చిట్యాలలోని కల్లాల మాట అటుంచి, ప్రపంచమంతటా నేడు ఏటా పండే వడ్లే దాదాపు 80 కోట్ల టన్నులు. నాలుగు వందల ఏండ్ల పంట కూడా చాలదు.

ఇంతటి సంఖ్యను మల్లన అంకెలతో కాక మాటలతో చెప్పాడు. దీనికి భూతసంఖ్యా పద్ధతి అని పేరు. చంద్రుడు ఒక్కడే కనుక ‘శశి’ అంటే 1. మన్మథుని బాణాలు అయిదు కనుక ‘శర’ అంటే 5. ఆకాశం శూన్యం కనుక ‘గగన’మంటే సున్న. ఒకట్ల స్థానం నుండి మొదలుపెట్టి అంకెలను ఎడమవైపుకు పేర్చుకోవాలి. తాళపత్రంలో అంకె చెరిగితే ఊహించుకోవడం కష్టం. పద్యంలో మాట మారితే మాత్రం గణమో, యతియో, ప్రాసయో చెడి తప్పు బయటపడే అవకాశం ఉంది.

అయినా ఒక చిక్కు మిగిలింది. ఈ పద్యంలో సముద్ర వాచకాలు రెండున్నాయి: ‘అబ్ధి’, ‘పయోనిధి’. గణిత సంప్రదాయంలో సముద్రాలు నాలుగు, పురాణాల్లో ఏడు. ఏడుగా చదివినా ఛందస్సు చెడదు. కనుక నిర్ణయించవలసింది గణితమే.

1, 2 కలిపితే 3. 1, 2, 4 కలిపితే 7. ఎన్ని గళ్ళు కూడినా మొత్తం తరువాతి గడి కంటే ఒకటి తక్కువ. కాబట్టి 64 రెండ్లను గుణించి, ఒకటి తీసివేస్తే చాలు. అందుకు 63 గుణకారాలు కూడా అక్కరలేదు. 2, 4, 16, 256, 65,536, 4,29,49,67,296 అని వరుసగా వర్గం చేస్తూ పోతే ఆరవ వర్గంతో పని ముగుస్తుంది.

వర్గంలో నుండి ఒకటి తీసివేస్తే అది రెండు కారణాంకాలుగా విడిపోతుంది. ఆ విధంగా ఈ మహాసంఖ్య 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297 అనే ఆరు సంఖ్యల లబ్ధమవుతుంది. చివరిదాన్ని ప్రధాన సంఖ్యగా ఫెర్మా నమ్మాడు. అది 641, 67,00,417ల లబ్ధమని 1732లో ఆయిలర్ చూపాడు.

ఇక సముద్రాల సంగతి. అంకెల మొత్తం 87, మూడుతో భాగింపబడుతుంది. రెండు సముద్రాలనూ ఏడుగా చదివితే మొత్తం 93, అదీ భాగింపబడుతుంది. చివరి అంకె 5 మారదు కనుక అయిదుతో పరీక్షించినా దోషం దొరకదు. 17తో భాగిస్తే మాత్రం నాలుగుగా చదివిన సంఖ్యకు శేషం మిగలదు. ఏడుగా చదివిన సంఖ్యకు మిగులుతుంది.