అందరిలో ఒక్కరు

కృష్ణాతీరాన వెలసిన వేదాద్రి, జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల మెట్ట పల్లెలకు ఆరాధ్యక్షేత్రం. చిల్లకల్లు నుంచి దక్షిణంగా సాగితే స్వామి సన్నిధి చేరువే. అక్కడ నరసింహుడు పంచమూర్తిగా ప్రకాశిస్తున్నాడు. కొండపై జ్వాలా నరసింహుడు, నదీగర్భంలో సాలగ్రామ నరసింహుడు, ఆలయంలో యోగానంద, లక్ష్మీ నరసింహులు, సమీపాన గరుడాద్రిపై వీర నరసింహుడు. దైవం ఒక్కడే. అయినా ఒకరి మనస్సు జ్వాలాతేజస్సును ఆశ్రయిస్తుంది. మరొకరి మనస్సు యోగముద్రలోని ప్రశాంతతను కోరుకుంటుంది. ఒకే క్షేత్రంలో భిన్న హృదయాలకు చోటుండడమే మన సంప్రదాయంలోని ఔదార్యం.

'సామూహిక పారాయణలో నా గొంతూ కలుస్తుంది. కాని పక్కవారికి కలిగే తన్మయత్వం నాకు కలగడం లేదు. నా భక్తిలో లోపమున్నదా?' అని ఆలయానికి వచ్చేవారు కొందరు ఆవేదన చెందుతుంటారు. మరికొందరు ఆ సంకోచంతోనే రావడం మానివేస్తారు. ఈ సందేహానికి సమాధానం మనం నిత్యం ఆచరించే విధులలోనే ఉన్నది.

సంధ్యావందనంలో గాయత్రిని మౌనంగా, ఏకాంతంగా జపిస్తారు. కాని ఋగ్వేదం 3వ మండలంలోని ఆ మంత్రం 'నా' బుద్ధిని ప్రేరేపించమని కోరదు. 'మా' బుద్ధులను ప్రేరేపించమని కోరుతుంది. ఒంటరిగా కూర్చున్న ఉపాసకుడు లోకమంతటి కోసం ప్రార్థిస్తున్నాడన్నమాట. ఇక ఆలయానికి వస్తే, వందలమంది నడుమ అర్చకుడు ప్రతి ఒక్కరినీ గోత్రనామాలు అడుగుతాడు. సమూహంలో నిలిచినా భగవంతుని ముందు ఎవరి సంకల్పం వారిదే. ఏకాంతంలో అందరినీ తలచుకోవడం, అందరిలో తన్ను తాను సమర్పించుకోవడం, ఈ రెండూ భక్తికి రెండు రెక్కలు.

కఠోపనిషత్తులో వాజశ్రవసుడు యజ్ఞం చేస్తూ వట్టిపోయిన గోవులను దానమిస్తాడు. అది చూచిన బాలుడు నచికేతుడు తనను ఎవరికి ఇస్తావని తండ్రిని ప్రశ్నిస్తాడు. ఆ క్షణాన అతనిలో శ్రద్ధ ప్రవేశించిందని ఉపనిషత్తు చెబుతున్నది. శ్రద్ధ ఉన్నచోటనే ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్నయే అతణ్ణి యముని సన్నిధికి, ఆత్మవిద్యకు చేర్చింది.

కనుక ఇంట్లో పిల్లలు ఈ పూజ ఎందుకని అడిగితే నాస్తికులని గద్దించరాదు. తెలిసినంత చెప్పాలి, తెలియనిది వారితో కలిసి తెలుసుకోవాలి. తన్మయత్వం కలగనివారు పక్కవారి ఆనందబాష్పాలతో తమ భక్తిని కొలుచుకోరాదు. పెదవి పలికిన నామం హృదయాన్ని చేరడానికి ఒక్కొక్కరికి ఒక్కొక్క కాలం పడుతుంది. అంతవరకు పదిమంది నడుమ కూర్చుని ఆ నామాన్ని పలుకుతూ ఉండడమే సాధన.