తెలిసినది తెలియజెప్పుట

వంతెన కట్టగలిగిన ఇంజనీరును నలుగురిలో నిలువబెట్టి, ఆ వంతెననుగూర్చి పది నిమిషములు మాటలాడుమన్నచో తడబడుట మనము తరచుగా చూచుచున్నదే. విషయము తెలియక కాదు. తెలిసినదంతయు చెప్పవలెనను తపనయే ఆయనకు అడ్డుపడుచున్నది. అంకెపై అంకె పేర్చుకొనిపోవును. వినువాడు మాత్రము, ‘ఇంతకును నన్నేమి చేయుమందురు?’ అని లోలోపల అడుగుచునే యుండును. ఇది సభామర్యాదకు సంబంధించిన చిన్నలోపమని కొందరు తలంతురు. మేమట్లు తలంపము.

1986 జనవరి 27వ తేది రాత్రి, అమెరికాలో ఛాలెంజరు వ్యోమనౌక మరునాటి ప్రయాణమునకు సిద్ధముగా నున్నది. దాని రాకెట్లను నిర్మించిన సంస్థలోని ఇంజనీర్లకు ఒక భయము పట్టుకొన్నది. రాకెట్టు అతుకులలోనుండి వేడివాయువు బయటికి రాకుండ రబ్బరు వలయములను అమర్చుదురు. చలికి రబ్బరు బిగిసిపోయినచో, అతుకు కొంచెము విడివడిన క్షణమున అది సాగి సందును మూయలేదు. ఆ రాత్రి ఫ్లారిడాలో నీరు గడ్డకట్టు చలి.

ఇంజనీర్లు 13 పత్రములను హడావుడిగా సిద్ధపరచి పంపి, టెలిఫోను సమావేశములో నాసా అధికారులకు వివరించిరి. 53 డిగ్రీల ఫారన్‌హీటుకంటె చలిగా నున్నచో ప్రయోగింపరాదనిరి. వారి మాట నిజము. కాని చలికిని, వలయములు దెబ్బతినుటకును గల సంబంధము ఆ పత్రములలో ఒక్కచోట కనబడదు. ఏ దెబ్బయు తగులని ప్రయోగములను లెక్కలో చేర్చనేలేదు. అన్నిటిని ఉష్ణోగ్రత క్రమమున ఒక్క కాగితముపై వ్రాసియున్నచో ఏమి కనబడెడిదో తరువాత విచారణసంఘము తేల్చినది: 66 డిగ్రీలు, అంతకుమించిన వెచ్చదనములో జరిగిన 20 ప్రయోగములలో మూడింటనే వలయములు దెబ్బతినెను, 63కు మించని నాలుగింటిలో నాలుగింటను దెబ్బతినెను.

తప్పంతయు చెప్పినవారిదని మేము అనము. సంస్థ పెద్దలే తమ ఇంజనీర్ల మాటను త్రోసిపుచ్చిరి. మరునాడు నౌక ఎగసిన 73 సెకండ్లకు విచ్ఛిన్నమాయెను. ఏడుగురి ప్రాణములు పోయెను.

ఫిబ్రవరిలో విచారణసంఘ సభ్యుడు, భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్, బహిరంగ విచారణలో ఆ రబ్బరు ముక్కను చిన్న మరబిగింపుతో నొక్కి మంచునీటి గ్లాసులో ముంచెను. పైకి తీసి బిగింపు వదలగా, రబ్బరు వెంటనే పూర్వరూపమునకు రాలేదు. చూచినవారికి వేరు వ్యాఖ్యానము అక్కరలేకపోయెను. (ఫైన్‌మన్‌కు ఆలోచించుటకు దినములున్నవి, ఇంజనీర్లకు గంటలే యుండెనని మరువరాదు.)

కనుక మన నిపుణులు ప్రసంగమునకు కూర్చొనునప్పుడు, వినువాడు ఏ నిర్ణయము చేయవలెనో ఆ ఒక్క వాక్యమును ముందు వ్రాసికొందురు గాక. దానికి పనికిరాని అంకెను, ఎంత ప్రియమైనదైనను, వదలవలెను. రాదగిన అడ్డుప్రశ్నకు జవాబు ముందే సిద్ధపరచుకొనవలెను. ఆ రాత్రి అట్టి ప్రశ్న వచ్చినది: 75 డిగ్రీల వెచ్చదనములోను ఒకమారు వాయువు వలయమును దాటినది కదా, చలిని ఎట్లు నిందింతురు? జవాబు మసిలో నున్నది. 75 డిగ్రీల నాటి మసి లేత బూడిదరంగు. 53 డిగ్రీల నాటిది కారునలుపు. ఒక ఇంజనీరు ఆ ఛాయాచిత్రములను తన పెద్దల బల్లపై పెట్టి చూడుడనెను. టెలిఫోనుకు ఆవలివైపున నున్న నాసా అధికారులకు అవి కనబడుటకు వీలులేదు.